చీమకుర్తి రాయిలో అయస్కాంతానికి అతుక్కునే ఇత్తడి రంగు పట్టీ: ఇది క్యూబనైటేనా?

చీమకుర్తి_పాలిష్
అందరికీ నమస్కారం. నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాను. బ్లాక్ గెలాక్సీ అనే నల్లరాయి బ్లాకు ఒకటి కోస్తుంటే మూల నుంచి విరిగిపడ్డ ముక్కలో ఇత్తడి రంగు పట్టీ కనిపించింది. గెలాక్సీలో మామూలుగా ఉండే బంగారు చుక్కలు కావు, వాటిని రోజూ చూస్తూనే ఉంటాను. ఇది చిటికెన వేలంత వెడల్పుతో రాయి లోపలికి పోయింది. భూతద్దం పెట్టి చూస్తే రెండు రంగులు తెలుస్తున్నాయి. మధ్యలో ఎక్కువ భాగం కంచు రంగు, కొద్దిగా ఎరుపు జీర ఉంది. అంచుల్లో పచ్చటి ఇత్తడి రంగు. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి దగ్గర పెడితే కంచు రంగు భాగం మీదికి టక్కున లాగింది. పచ్చటి అంచు దగ్గర ఆ లాగుడు బాగా తగ్గింది.

నెట్‌లో వెతికితే క్యూబనైట్ అనే పేరు తగిలింది. రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజమట, అరుదట, అయస్కాంతానికి గట్టిగా పడుతుందట. రంగు కూడా కంచుకూ ఇత్తడికీ మధ్య అని రాశారు. ఓనరు గారికి చెప్పి ముక్క తీసుకున్నాను, పాడవకుండా గుడ్డలో చుట్టి పెట్టాను. ఇది అదో కాదో ఎలా తేలుతుంది? పెద్దవాళ్లు దారి చూపించండి.

గూడూరు_మైకా
తమ్ముడూ, మంచి ముక్క దొరికింది. నా లెక్కలో క్యూబనైటే. పైరైట్ (ఇనుము, గంధకం ఉన్నది) అయస్కాంతానికి పట్టదు, చాల్కోపైరైట్ పట్టదు, బోర్నైట్ పట్టదు (ఈ రెండూ రాగి, ఇనుము, గంధకం ఉన్న ఖనిజాలు). ఇత్తడి రంగులో ఉండి అయస్కాంతానికి అతుక్కునేది ఇంకేముంది? మా సైదాపురం, కలిచేడు మైకా గనుల డంపుల్లో ఇన్నేళ్లుగా రాళ్లు ఏరుతున్నా, అయస్కాంతానికి పట్టే సల్ఫైడ్ (లోహం, గంధకం కలిసిన ఖనిజం) ఒక్కటీ నా చేతికి రాలేదు.

రిటైర్డ్_మాస్టారు
గూడూరు తమ్ముడు చెప్పిన వరసలో ఒక పేరు లేదు, అసలు అనుమానించాల్సింది దాన్నే: పిరోటైట్. ఇనుము, గంధకం మాత్రమే ఉండే ఖనిజం, రాగి ఉండదు. రంగు కంచు, కొద్దిగా ఎరుపు జీర. అంటే బాబు రాసిన వర్ణనే. దాని స్ఫటికంలో ఇనుము పరమాణువులు ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలు ఒక పద్ధతిలో అమరితే పిరోటైట్ అయస్కాంతానికి బాగా పడుతుంది, మరో పద్ధతిలో అమరితే దాదాపు పట్టదు. గాబ్రో జాతి రాళ్లలో (భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారి ఏర్పడ్డ నల్లరాళ్లు) సల్ఫైడ్ కనిపించిందంటే మనం ముందు చూసేది పిరోటైట్, దాని అంచున చాల్కోపైరైట్. ఈ జంట ప్రపంచమంతా కనిపిస్తుంది.

అయస్కాంతం పట్టిందంటే క్యూబనైట్ కావచ్చు, పిరోటైట్ కావచ్చు, మధ్యలో సన్నగా కలిసిపోయిన మ్యాగ్నెటైట్ కూడా కావచ్చు. కాని పేర్లను జాబితాలోంచి కొట్టేసేందుకు పనికొచ్చే పరీక్ష అది, ఖాయం చేసేందుకు చాలదు.

అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. క్యూబనైట్ దొరికిన పేరున్న చోట్లలో కెనడాలోని సడ్‌బరీ, రష్యాలోని నోరిల్స్క్ ఉన్నాయి. రెండూ గాబ్రో, నోరైట్ లాంటి నల్లరాళ్లతో ముడిపడిన నికెల్-రాగి నిక్షేపాలే. చీమకుర్తి రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటున్నాం గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో-నోరైట్. అందుకే ఈ ప్రశ్న అడగదగ్గ ప్రశ్నే. మైకా దొరికే పెగ్మటైట్ రాయిలో ఇదే ప్రశ్న వచ్చుంటే నేను ఇంత శ్రద్ధ పెట్టేవాణ్ని కాదు.

దర్శి_క్వారీ
మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. గెలాక్సీలో మెరిసే చుక్కలు బంగారం అని ఇప్పటికీ ఊళ్లల్లో నమ్మేవాళ్లున్నారు. అది బ్రాంజైట్, పైరాక్సీన్ జాతి సిలికేట్ ఖనిజం. లోహం కాదు, సల్ఫైడూ కాదు. వెలుతురు ఒక కోణంలో పడితేనే మెరుస్తుంది, పలక తిప్పితే మెరుపు పోతుంది. బాబు చూసిన పట్టీ ఎటు తిప్పినా లోహంలా మెరుస్తోందా? అది ముందు చెప్పు.

సల్ఫైడ్ పట్టీ ఉన్న బ్లాకులంటే మాకు టెన్షనే. పాలిష్ అయ్యి షిప్పులో పోయాక నీళ్లు తగిలి తుప్పు మరకలు వస్తాయి, పార్టీ కంప్లైంట్ పెడతాడు. పిరోటైట్ అయితే ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. అందుకే ఇలాంటి ముక్కలు కనబడగానే డంపుకు తోసేస్తారు. ఎవరూ దాచరు. నువ్వు దాచావు, సంతోషం.

చీమకుర్తి_పాలిష్
ఎటు తిప్పినా ఒకేలా మెరుస్తోంది అన్నా. పలక మీద తడిగుడ్డ ఉంచిన చోట కంచు రంగు భాగం చుట్టూ గోధుమ రంగు మరక మొదలైంది. పచ్చటి అంచు ఇంకా శుభ్రంగానే ఉంది.

రిటైర్డ్_మాస్టారు
వెంటనే తుడిచి ఆరబెట్టు బాబూ. ముక్కను పొడి డబ్బాలో పెట్టు. ఆ మరక పిరోటైట్ వైపే చెబుతోంది, అయినా మరకను బట్టి తీర్పు ఇవ్వను.

ఇంట్లో చేయగలిగినవి చెబుతాను. మేకుతో గానీ చాకు మొనతో గానీ మెత్తగా గీసి చూడు. గీత పడితే పైరైట్ కాదు, పైరైట్ కాఠిన్యం 6 నుంచి 6.5, చాకు దాని మీద జారిపోతుంది. క్యూబనైట్ 3.5, చాల్కోపైరైట్ 3.5 నుంచి 4, పిరోటైట్ 3.5 నుంచి 4.5. చూశావా, పైరైట్‌ను పక్కన పెట్టేందుకే ఇది పనికొస్తుంది, మిగతా మూడింటిని విడదీయదు. తర్వాత మెరుగు లేని తెల్ల టైలు వెనక వైపు గీసి ఆ గీత రంగు చూడు. చాల్కోపైరైట్ గీత ఆకుపచ్చ జీరతో నల్లగా వస్తుంది. పిరోటైట్, క్యూబనైట్ రెండూ నలుపే.

ఒక్క పని మాత్రం అసలు చేయొద్దు. పొయ్యి మీద గానీ బ్లో టార్చ్‌తో గానీ వేడి చేయకు. గంధకం పొగ ఊపిరితిత్తులకు చెరుపు. ఇంకా పెద్ద కారణం ఉంది, దాన్ని స్ఫటిక గారు నాకంటే బాగా చెప్పగలరు.

స్ఫటిక
మాస్టారు గారికి నమస్కారం. నేను ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో స్ఫటికం లోపలి అమరిక తేల్చే పద్ధతి) మీద పరిశోధన చేస్తున్నాను, సొంతూరు ఆత్మకూరు. క్యూబనైట్ అంటే నాకు ఇంత ఇష్టం ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగ్గా రాయాలి.

దాని ఫార్ములా ఒక రాగి, రెండు ఇనుము, మూడు గంధకం. చాల్కోపైరైట్‌లో ఒక రాగి, ఒక ఇనుము, రెండు గంధకం. బరువు లెక్కలో క్యూబనైట్‌లో రాగి సుమారు 23.4 శాతం, ఇనుము 41.1, గంధకం 35.4. చాల్కోపైరైట్‌లో రాగి 34.6 శాతం, ఇనుము 30.4. ఇంతవరకూ ఇది వట్టి కెమిస్ట్రీ. ఖనిజాన్ని నిర్ణయించేది ఫార్ములా ఒక్కటే కాదు, ఆ పరమాణువులు ఎలా కూర్చున్నాయన్నది కూడా. ఇక్కడ అదే తేడా తెస్తుంది.

గంధకం పరమాణువులను గూడూరు మార్కెట్లో నిమ్మకాయల గుట్ట అనుకోండి. ఒక వరస పేర్చి, దాని గుంటల్లో రెండో వరస పెడతాం. మూడో వరస సరిగ్గా మొదటి వరస కాయల పైన వచ్చేలా పెట్టొచ్చు, లేదా మొదటి రెండింటికీ పైన లేని మూడో గుంటల్లో పెట్టొచ్చు. క్యూబనైట్‌లో గంధకం మొదటి పద్ధతిలో ఉంటుంది. రాగి, ఇనుము పరమాణువులు మధ్య ఖాళీల్లో కూర్చుంటాయి, ప్రతి లోహం చుట్టూ నాలుగు గంధకాలు. రాగి చోటు రాగిదే, ఇనుము చోటు ఇనుముదే. ఇనుములు జంటలు జంటలుగా దగ్గరికి వస్తాయి. ఈ నిర్మాణాన్ని 1940లలో మార్టిన్ బ్యూర్గర్ ఎక్స్‌రేలతో తేల్చారు. స్ఫటిక వ్యవస్థ ఆర్థోరాంబిక్, అంటే మూడు అక్షాలూ లంబంగా ఉండి మూడింటి పొడవూ వేరు వేరు.

ఇప్పుడు దీన్ని వేడి చేయండి. 210 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం దాటాక ఈ అమరిక చెదిరిపోతుంది. గంధకం రెండో పద్ధతికి మారుతుంది, రాగి ఇనుము ఏ చోటన్నది లేకుండా కలిసిపోతాయి. ఫార్ములా అదే, ఒక రాగి, రెండు ఇనుము, మూడు గంధకం. కానీ ఇప్పుడది క్యూబిక్, అంటే మూడు అక్షాలూ లంబంగా ఉండి మూడింటి పొడవూ ఒకటే. అయస్కాంతానికి పట్టే గుణం పోతుంది. మళ్లీ చల్లార్చినా ప్రయోగశాలలో పాత రూపానికి రాదు. ఈ రూపం సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర సహజంగా దొరికింది, దాన్ని 1980లలో ఐసోక్యూబనైట్ అనే వేరే ఖనిజంగా గుర్తించారు. తూర్పు పసిఫిక్ రిడ్జ్ మీద నుంచి తెచ్చిన నమూనాలు అవి.

అందుకే వేడి చేయొద్దని మాస్టారు అన్నది. ఒకవేళ ఆ పట్టీలో క్యూబనైట్ ఉంటే, పొయ్యి మీద పెట్టిన మరుక్షణం సాక్ష్యాన్ని మన చేతులతో మనమే చెరిపేసినట్టు అవుతుంది.

గూడూరు_మైకా
నిమ్మకాయల లెక్క మా ఊరోళ్లకి బాగా ఎక్కింది మేడమ్. ఒక సందేహం. అదే ఫార్ములా ఉన్నప్పుడు వేరే పేరు ఎందుకు? వేడిగా ఉన్న క్యూబనైట్ అంటే సరిపోదా?

స్ఫటిక
వజ్రం, గ్రాఫైట్ రెండూ కార్బనే గదా అన్నా, ఒకటే పేరు పెట్టి సరిపెట్టుకోలేం. నిర్మాణం వేరైతే అది ఎక్కడ, ఎంత వేడిలో, ఎంత త్వరగా చల్లారి పుట్టిందో చెబుతుంది. క్యూబనైట్ చేతిలో ఉందంటే ఆ రాయి ఇటీవల 210 డిగ్రీలు దాటలేదన్న సాక్ష్యం చేతిలో ఉన్నట్టే. ఐసోక్యూబనైట్ ఉందంటే వేడి నుంచి త్వరగా చల్లారిందని. పేరు ఒకటే చేస్తే ఆ సమాచారం పోతుంది.

కావలి_ఇంటర్_బైపీసీ
అక్కా, నేను ఇంటర్ చదువుతున్నాను. తోకచుక్క ధూళిలో క్యూబనైట్ దొరికిందని ఒక వీడియోలో విన్నాను. నిజమేనా? అక్కడికి ఎవరు వెళ్లి తెచ్చారు?

స్ఫటిక
నిజమే అమ్మా. నాసా వాళ్ల స్టార్‌డస్ట్ నౌకను 1999లో పంపారు. అది 2004లో వైల్డ్ 2 అనే తోకచుక్క పక్కనుంచి పోతూ ధూళిని ఏరోజెల్ అనే తేలికైన పదార్థంలో పట్టింది. 2006 జనవరిలో ఆ పెట్టె భూమ్మీద దిగింది. ఆ రేణువుల్లో క్యూబనైట్ ఉందని అరిజోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రకటించారు. 1864లో ఫ్రాన్స్‌లో పడ్డ ఓర్గ్యూల్ ఉల్కలో కూడా ఈ ఖనిజం ఉంది.

దీని వల్ల తెలిసిందేమంటే, ఆ క్యూబనైట్ 210 డిగ్రీలకు మించని చోట పుట్టింది, పుట్టాక మళ్లీ ఆ వేడి చూడలేదు. ఇలాంటి సల్ఫైడ్‌లు తక్కువ వేడిలో నీళ్లున్న చోట ఏర్పడతాయి కాబట్టి, తోకచుక్క లోపల ఒకప్పుడు ద్రవ రూపంలో నీళ్లు ఉండి ఉండాలని వాళ్లు వాదించారు. అప్పటిదాకా తోకచుక్క అంటే ఎప్పుడూ కరగని మంచుముద్ద అన్న అభిప్రాయమే గట్టిగా ఉండేది. ఒక ఖనిజం నిర్మాణం ఎంత కథ చెబుతుందో చూడు. నువ్వు బైపీసీ అయినా పర్లేదు, డిగ్రీలో జియాలజీ తీసుకోవచ్చు.

ఒంగోలు_కెమిస్ట్రీ
సాంద్రత గురించి ఎవరూ మాట్లాడలేదు. కొన్ని చోట్ల క్యూబనైట్ సాంద్రత 4.7 అని ఉంటుంది, కొన్ని చోట్ల 4.1 దగ్గర ఉంటుంది. స్ఫటికం యూనిట్ సెల్ (అమరికలో మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న పెట్టె) కొలతలు తెలుసు కాబట్టి నేనే లెక్క కట్టి చూశాను. అంచులు 6.47, 11.12, 6.23 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఘనపరిమాణం సుమారు 448. ఆ పెట్టెలో నాలుగు ఫార్ములాలు ఉంటాయి, ఒక్కోదాని బరువు 271.4. లెక్క 4.02 దగ్గర తేలింది. కాబట్టి 4.7 అని నమ్మి తూకం వేస్తే తప్పుదారి పడతారు. పిరోటైట్ 4.6 దగ్గర ఉంటుంది, చాల్కోపైరైట్ 4.1 నుంచి 4.3. పట్టీలోంచి శుభ్రమైన ముక్క తీసి నీళ్లలో తూచగలిగితే పిరోటైట్‌ను విడదీయొచ్చు, కానీ రాయి కలిసి ఉంటే తూకం మోసం చేస్తుంది.

ఇంకో లెక్క కూడా సరదాగా వేశాను. గంధకం మూడింటికీ కలిపి ఆరు ఋణావేశాలు. రాగి ఒక ధనావేశం ఇస్తే మిగిలిన అయిదూ రెండు ఇనుములు పంచుకోవాలి, అంటే చెరి రెండున్నర. అర ఎలక్ట్రాన్ అనేది ఉండదు కదా. ఆ జంటలో ఎలక్ట్రాన్ అటూ ఇటూ వేగంగా మారుతూ ఉంటుంది. క్యూబనైట్‌లో ఇనుములు జంటగా దగ్గర కూర్చోవడానికీ ఈ పంపకానికీ సంబంధం ఉంది. నేను క్లాసులో ఆక్సిడేషన్ స్థితులు చెప్పేటప్పుడు ఎప్పుడూ పిల్లలకి ఈ ఉదాహరణ ఇస్తాను.

చీమకుర్తి_పాలిష్
సార్, కెమికల్ టెస్టుతో రాగి ఉందో లేదో తెలుసుకోవచ్చా? కాలేజీ ల్యాబ్ దొరుకుతుంది.

ఒంగోలు_కెమిస్ట్రీ
తెలుసుకోవచ్చు. కంచు రంగు భాగంలోంచి కొద్దిగా, పచ్చటి అంచులోంచి కొద్దిగా వేరు వేరుగా పొడి తీయండి, ఒకదాంట్లోది మరోదాంట్లో పడకూడదు. పలచటి నైట్రిక్ ఆమ్లంలో మెల్లగా వేడి చేస్తే కరుగుతుంది. గోధుమ రంగు పొగ వస్తుంది, కాబట్టి ఫ్యూమ్ హుడ్ కింద, లెక్చరర్ ఎదురుగా ఉండగానే చేయాలి. ఆ ద్రావణంలో అమ్మోనియా ఎక్కువగా పోస్తే ఇనుము ఎర్రటి మడ్డిగా కింద కూర్చుంటుంది, రాగి ఉంటే పైన నీళ్లు ముదురు నీలం అవుతాయి. కంచు రంగు భాగం నుంచి నీలం రాకపోతే అది పిరోటైట్ అని దాదాపు చెప్పొచ్చు. నీలం వచ్చినా క్యూబనైట్ అని తేలదు, చాల్కోపైరైట్ కొద్దిగా కలిసినా నీలమే వస్తుంది.

ఉదయగిరి_కొండ
మా వైపు గరిమెనపెంట దగ్గర పాతకాలపు రాగి గనుల ఆనవాళ్లు ఉన్నాయి. రాళ్ల మీద ఆకుపచ్చ మరకలు కనిపిస్తాయి. అక్కడ క్యూబనైట్ ఉండే అవకాశం ఉందా మాస్టారూ? అక్కడికి వెళ్లి ముక్కలు ఏరుకురావాలని చాలా రోజులుగా అనుకుంటున్నా.

రిటైర్డ్_మాస్టారు
ఆ ఆకుపచ్చ మాలకైట్. రాగి సల్ఫైడ్ గాలికీ నీటికీ మారిపోయి ఏర్పడిన కార్బొనేట్. లోపల మూలంగా ఉండేది చాల్కోపైరైట్. అది నెల్లూరు షిస్ట్ (పొరలు పొరలుగా ఉండే రాయి) పట్టీలోని రాయి, గాబ్రో కథ వేరు. అక్కడ చాల్కోపైరైట్ కోసం వెతుకు, క్యూబనైట్ మీద ఆశ పెట్టుకోకు.

పాత గుంతల్లోకి మాత్రం దిగొద్దు. ఎప్పటివో పాత తవ్వకాలు, పైకప్పు ఎక్కడ కూలుతుందో తెలీదు, లోపల గాలి ఆడదు. బయట డంపులో చూడు, చాలు. ఇంటికి చెప్పి, ఒకరిని తోడు తీసుకుని వెళ్లు.

దర్శి_క్వారీ
అసలు క్యూబనైట్‌కి ధర ఏమన్నా ఉందా? రాగి తీయొచ్చా?

మోడరేటర్
ధరలు, అమ్మకాలు, కొనుగోళ్ల సంగతి ఈ చర్చలో వద్దు. ఖనిజం గురించి అయితే రాయండి.

రిటైర్డ్_మాస్టారు
అమ్మకం సంగతి వదిలేద్దాం, రాగి సంగతి చెబుతాను. క్యూబనైట్ ఉన్న గనుల్లో దాన్ని చాల్కోపైరైట్‌తో కలిపే రాగి కోసం కరిగిస్తారు. విడిగా దాని కోసం గని ఎవరూ తవ్వరు.

వర్గీకరణ ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతాను. ఖనిజాలకు వర్గం కోడ్‌లు ఇచ్చే స్ట్రుంట్స్ పద్ధతిలో ముందు చూసేది లోహాలకూ గంధకానికీ ఉన్న నిష్పత్తి. క్యూబనైట్‌లో లోహాలు మూడు, గంధకాలు మూడు, ఒకటికి ఒకటి. చాల్కోపైరైట్‌లో రెండుకు రెండు, అదీ ఒకటికి ఒకటే. కాబట్టి రెండూ 2.సీబీ విభాగంలోనే ఉంటాయి. క్యూబనైట్ 2.సీబీ.55ఎ, ఐసోక్యూబనైట్ 2.సీబీ.55బి, చాల్కోపైరైట్ 2.సీబీ.10ఎ. బోర్నైట్‌లో అయిదు రాగి, ఒక ఇనుము, నాలుగు గంధకం. లోహం ఎక్కువ, అందుకే అది 2.బీఏకి పోయింది. పైరైట్‌లో గంధకం రెట్టింపు, అందుకే ఇంకా అవతల 2.ఈబీలో ఉంటుంది. రంగులో పైరైట్, చాల్కోపైరైట్ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ వర్గీకరణలో మధ్య దూరం చాలా ఉంది. కొత్తవాళ్లు దీన్ని మనసులో పెట్టుకోవాలి.

ఈ ఖనిజాన్ని 1843లో ఆగస్ట్ బ్రైట్‌హౌప్ట్ క్యూబా నుంచి వచ్చిన నమూనాల మీద వర్ణించాడు. 1902లో బ్రెజిల్‌లోని మోరో వెల్యో బంగారు గనిలో దొరికిన స్ఫటికాలకు చామర్సైట్ అని కొత్త పేరు పెట్టారు. తర్వాత అవీ ఇవీ ఒకటేనని తేలి ఆ పేరు పోయింది, పాత పేరు నిలబడింది. మంచి స్ఫటికాల కోసమైతే క్యూబెక్‌లోని షిబూగమౌ ప్రాంతంలోని హెండర్సన్ 2 గని పేరు చెబుతారు. అక్కడివి మూడు మూడుగా జంటకట్టి ఆరుపలకల స్ఫటికంలా కనిపిస్తాయి. ఆరు పలకలు చూసి హెక్సాగనల్ అనుకుంటే పొరపాటు, లోపల ఆర్థోరాంబిక్కే.

స్ఫటిక
మాస్టారు గారి వర్గీకరణకు తోకలాగా ఒక కుటుంబం ఉంది. టాల్నాఖైట్, మూయిహోకైట్, హేకాకైట్. ఇవి చాల్కోపైరైట్‌కు దగ్గర బంధువులు, గంధకం కంటే లోహం కొద్దిగా ఎక్కువ. మూయిహోకైట్ తొమ్మిది రాగి, తొమ్మిది ఇనుము, పదహారు గంధకం. హేకాకైట్ నాలుగు రాగి, అయిదు ఇనుము, ఎనిమిది గంధకం. ఈ రెండింటినీ దక్షిణాఫ్రికాలోని మూయిహోక్ నుంచి 1972లో వర్ణించారు. మూడూ కూర్పులో చాల్కోపైరైట్‌కు ఎంత దగ్గరంటే మామూలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో వచ్చే మూలకాల శాతాలు చూసి విడదీయడం కష్టం, ఎక్స్‌రే తప్పదు.

క్యూబనైట్ విషయంలో మాత్రం సంఖ్యలు స్పష్టంగా ఉంటాయి. రాగి, ఇనుము, గంధకం వరసలో పరమాణువుల శాతం చూస్తే చాల్కోపైరైట్ 25, 25, 50. క్యూబనైట్ 16.7, 33.3, 50. ఇంత తేడా ఎవరికైనా కనిపిస్తుంది.

చీమకుర్తి అన్నా, మీకు అభ్యంతరం లేకపోతే పట్టీ అడ్డంగా కనిపించేలా చిన్న ముక్క కోసి పంపండి. నీళ్లు పోసే కటర్‌తోనే కోయండి, పొడిగా కోస్తే అంచు వేడెక్కుతుంది. కోయగానే ఆరబెట్టండి. మా ల్యాబ్‌లో పాలిష్ చేసి, పరావర్తన కాంతి మైక్రోస్కోప్‌లో చూస్తాను. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. రామన్ పరీక్ష (లేజర్ కాంతితో ఖనిజాన్ని గుర్తించేది) చేయాలంటే లేజర్ శక్తి బాగా తగ్గించి పెట్టాలి, లేకపోతే ఆ చుక్క దగ్గరే వేడెక్కి మారిపోవచ్చు.

చీమకుర్తి_పాలిష్
కోసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను మేడమ్. కాగితం మీద బ్లాకు ఏ క్వారీదో, ఏ వైపు పైన ఉందో రాసి పెట్టాను. మిగతా ముక్క నా దగ్గరే ఉంది. మాస్టారూ, చాకుతో గీత రెండు భాగాల్లోనూ పడింది. టైలు మీద పచ్చటి అంచు గీత ఆకుపచ్చ జీరగా వచ్చింది, మధ్యలోది నలుపు.

రిటైర్డ్_మాస్టారు
శభాష్. పచ్చటి అంచు చాల్కోపైరైట్ అని నాకు గట్టి నమ్మకం వచ్చేసింది. ఇప్పుడు చూడాల్సింది ఆ చాల్కోపైరైట్ లోపలే. క్యూబనైట్ చాలాసార్లు విడిగా ఉండదు, చాల్కోపైరైట్ లోపల సన్నని కత్తి అంచుల్లాంటి పలకలుగా ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు రెండూ కలిసి ఒకే ఘన ద్రావణం, మెల్లగా చల్లారేటప్పుడు విడిపోతాయి. కంటికి అస్సలు తెలియవు.

స్ఫటిక
ముక్క అందింది, చూశాను. ఫలితం చెబుతున్నాను.

మధ్యలోని కంచు రంగు భాగంలో రాగి లేదు. ఇనుము, గంధకం మాత్రమే, ఇనుము గంధకం కంటే కొద్దిగా తక్కువ. అది పిరోటైట్, అయస్కాంతం లాగింది దాన్నే. పచ్చటి అంచు మూడు చోట్ల కొలిస్తే రాగి, ఇనుము దాదాపు సమానంగా వచ్చాయి, చాల్కోపైరైట్. దానికీ పిరోటైట్‌కీ మధ్య గీత పదునుగా ఉంది. పచ్చటి అంచులో అయస్కాంతం లాగుడు కొద్దిగా అనిపించిందన్నారు కదా, అక్కడ అంచు సన్నగా ఉండి కిందే పిరోటైట్ ఉంది.

మైక్రోస్కోప్ కింద పలకల కోసం పోలరైజర్లు అడ్డంగా పెట్టి స్టేజీ మొత్తం తిప్పి చూశాను. క్యూబనైట్ ఉంటే తిప్పినప్పుడు రంగు, వెలుతురు గట్టిగా మారుతుంది, చాల్కోపైరైట్ అంతగా మారదు. నేను చూసిన ముఖం మీద అలాంటి పలక ఒక్కటీ లేదు. ఈ ముఖం మీద క్యూబనైట్ లేదు.

గూడూరు_మైకా
మేడమ్, ఇంత శ్రమ తీసుకుని చూసినందుకు థాంక్స్. ఒక్క ముఖం చూసి మొత్తం బ్లాకులో లేదనగలమా?

స్ఫటిక
అనలేం అన్నా, నేనూ అనట్లేదు. చాల్కోపైరైట్ మందంగా ఉన్న చోట కోస్తే పలకలు దొరికే అవకాశం ఎక్కువ. ఈ ముక్కలో అది వెంట్రుకంత పలుచన. మీరు బ్లాకులు కోసేటప్పుడు పచ్చటి భాగం వేలు మందం దాటి కనిపిస్తే ఆ ముక్క ఉంచండి. కంచు రంగు ఎంత పెద్దదైనా నాకు అవసరం లేదు.

చీమకుర్తి_పాలిష్
అలాగే మేడమ్. మా యూనిట్‌లో గ్యాంగ్ సా (బ్లాకును పలకలుగా కోసే యంత్రం) మీద పని చేసేవాళ్లందరికీ ఫోటో చూపించి చెప్పాను, పచ్చ భాగం మందంగా కనబడితే డంపుకు పోకుండా నాకు ఇవ్వమని. ఇప్పుడు ఈ ముక్క మీద పేపరు అంటించి "పిరోటైట్, అంచున చాల్కోపైరైట్, చీమకుర్తి" అని రాస్తున్నాను. పరీక్ష వివరం కూడా రాయాలా?

రిటైర్డ్_మాస్టారు
రాయాలి బాబూ. ఎవరు, ఏ పద్ధతిలో తేల్చారో రాయి. అయస్కాంతం, గీత, మైక్రోస్కోప్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అని రాస్తే చాలు. క్వారీ పేరు, బ్లాకు నంబరు విడిచిపెట్టకు. పెన్సిల్‌తో రాయి, ఇంకు తడికి పోతుంది.